చదువు కోసం కొన్న పన్నెండు వేల ఫోన్: ఒక విద్యా సంవత్సరం వాడిన తర్వాత

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరిన మా అమ్మాయి చదువు కోసం గత జూన్‌లో తిరుపతిలో 12 వేల రూపాయల లోపు ధరకు కొన్న 5జీ ఫోన్ గురించి ఈ సమీక్ష. ఫోన్ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే నాలుగైదు కంపెనీల ఫోన్ల లోపలి సరుకు దాదాపు ఒకటే కావడం అందుకు ఒక కారణం. మేము కొన్న మోడల్ దసరా నాటికే దుకాణాల్లో కనబడకుండా పోయి, పేరు చివర ఒక అక్షరం మారిన మరొకటి ఆ అద్దాల బీరువాలోకి వచ్చి కూర్చోవడం రెండో కారణం. తీర్పు ముందే చెబుతాను. పాఠం వినడానికి, అనుమానం తీర్చుకోవడానికి, ఇంట్లో చిన్న చిన్న ప్రయోగాలు చేసుకోవడానికి ఇది పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. పుస్తకం చదవడానికి ఓ మాదిరిగా పనికొస్తుంది. రాయడానికి, పరీక్షకు సాధన చేయడానికి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ప్రయోగాల భాగం కొంచెం పొడుగైతే చదివేవారు ఓర్చుకోవాలి.

గాంధీ రోడ్డు చుట్టుపక్కల ఉన్న ఒక దుకాణంలో కొన్నాము. చదువు కోసమని చెప్పగానే అక్కడి అబ్బాయి ఏమాత్రం తడుముకోకుండా ఒక పెట్టె తీసి, "పాప చదువుకా సార్? అయితే ఇదే తీసుకోండి, కెమెరా బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు. కెమెరాకూ చదువుకూ సంబంధం ఏమిటని అడిగితే, నోట్సు ఫొటో తీసుకోవచ్చు కదా అని జవాబు వచ్చింది. అది పూర్తిగా తప్పు కాదు, కానీ నోట్సు ఫొటో తీయడానికి 50 మెగాపిక్సెళ్లు అక్కర్లేదు. అందులో పదో వంతు చాలు. నేను అడిగిన మిగతా ప్రశ్నలకు, అంటే లోపలి స్టోరేజీ ఏ రకానిది, జైరోస్కోప్ (ఫోన్ తిరిగే వేగాన్ని గ్రహించే సెన్సార్) ఉందా లేదా, ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి అన్నవాటికి అతని దగ్గర సమాధానం లేదు, పెట్టె మీదా లేదు. చివరికి కంపెనీ వెబ్‌సైటు తెరిచి, అతనూ నేనూ కలిసే వెతుక్కున్నాము. బిల్లులో గాజు అతికించినందుకు ఒక మొత్తం, వెనక కవరుకు మరో మొత్తం, మేము అడగని 'అదనపు వారంటీ'కి ఇంకో మొత్తం చేరాయి. ఆ మూడోది తీయించడానికి యజమాని దాకా వెళ్లవలసి వచ్చింది. ఫోన్ ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది కాబట్టి, పన్ను వేరుగా అవుతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోనక్కర్లేదు.

అప్‌డేట్ల ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే ఈ వస్తువు ఎంత వేగంగా మారిందో ఒకసారి చూడాలి. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న వెళ్లింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టవలసి వచ్చేది. 2003లో 501 రూపాయలకే చేతికి ఫోన్ ఇస్తామన్న పథకం వచ్చింది. అదే ఏడాది టార్చిలైటుతో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మా ఇంటి అల్మారా సొరుగులో అది ఇప్పటికీ ఉంది, బ్యాటరీ మారిస్తే ఇప్పటికీ వెలుగుతుంది. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ 2008లో, జియో సేవలు 2016 సెప్టెంబరులో, 5జీ 2022 అక్టోబరు 1న వచ్చాయి. ఈ మార్పు మనకు దూరాన జరిగిందీ కాదు. మన జిల్లాలోనే ఉన్న శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ సంస్థ షావోమీ ఫోన్లు తయారుచేసింది, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సముదాయాలు వెలిశాయి. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు ఊళ్ల నుంచి తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కే ఆడపిల్లలు తాము బిగించిన ఫోన్లలోనే తమ్ముళ్లకు పాఠాలు చూపించిన కాలం కరోనా నాటిది.

ఆ సొరుగులోని నోకియా పాడు కాలేదు, ఇప్పటికీ తన పని తాను చేయగలదు. దానికి భిన్నంగా, నాలుగేళ్ల కిందటి స్మార్ట్‌ఫోన్ ఒకటి అదే సొరుగులో ఉంది. దాని తెర బాగుంది, బ్యాటరీ ఫర్వాలేదు, అయినా అప్‌డేట్లు ఆగిపోయాక బ్యాంకు యాప్ ముందు మొరాయించింది, తర్వాత ఒక పాఠాల యాప్ 'మీ పరికరానికి ఇది సరిపడదు' అంది. చదువు కోసం కొనేవాడు లెక్క వేయవలసింది ఇక్కడే. ఇంటర్ రెండేళ్లు, ఆపైన ఇంజనీరింగ్ అయితే నాలుగేళ్లు. ఆరేళ్ల చదువుకు రెండేళ్ల ఆండ్రాయిడ్ అప్‌డేట్లు మాత్రమే ఇచ్చే ఫోన్ కొంటే మధ్యలో ఇంకొకటి కొనక తప్పదు. మేము కొన్న ఫోన్‌కు రెండు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, మూడేళ్ల భద్రతా అప్‌డేట్లు అని కంపెనీ రాసుకుంది. ఈ ధరలోనే నాలుగేళ్లకు మించి మాట ఇస్తున్న కంపెనీలు ఇప్పుడు ఉన్నాయి. రెండు వందలు, మూడు వందలు తేడా ఉన్నా వాటి వైపే మొగ్గమని నా సలహా.

ఇక తెర. కొలత 6.7 అంగుళాలు, పిక్సెళ్లు అడ్డంగా 720, నిలువుగా 1600. సినిమాకు ఇది చాలు, చదువుకు చాలదు అని కొందరు అంటారు. నేను కొలిచి చూశాను. ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 7 సెంటీమీటర్లు. ఎన్‌సీఈఆర్‌టీ భౌతికశాస్త్రం పుస్తకం పేజీ వెడల్పు సుమారు 20 సెంటీమీటర్లు. అంటే పీడీఎఫ్ తెరిచినప్పుడు పేజీ మూడో వంతుకు కుదించుకుపోతుంది, 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్ల పైచిలుకుగా మిగులుతుంది. ఆ సైజులో సమీకరణం కింద రాసిన సూచికలు, ఘాతాంకాలు చీమల బారుల్లా కనిపిస్తాయి. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే అదే అక్షరం 9 పాయింట్లకు పెరిగి హాయిగా చదవవచ్చు, కాకపోతే పేజీలో మూడో వంతే తెర మీద ఉంటుంది. పటం పైన, దాని వివరణ కింద ఉన్న పేజీలో వేలితో పైకీ కిందికీ జరపడమే పని అవుతుంది. కిరణ రేఖాచిత్రం చూస్తూ సూత్రం రాబట్టే పాఠంలో ఈ జరపడం ఎంత విసుగో, ఒక సాయంత్రం మా అమ్మాయి పక్కన కూర్చుంటే తెలిసింది. "నాన్నా, ఈ అధ్యాయం ప్రింటు తీయించుకు రా" అని ఆమే తేల్చేసింది. బాలాజీ కాలనీలోని జిరాక్సు షాపులో ఆ అధ్యాయం ప్రింటుకు అయిన ఖర్చు ఒక దోసె ఖరీదుకు మించలేదు. అప్పటి నుంచి మా పద్ధతి అదే: పాఠ్యపుస్తకం కాగితం మీద, దానికి తోడుగా ఉండేవి మాత్రం ఫోన్‌లో.

తోడుగా ఉండేవి అన్నాను కదా, వాటిలో మొదట చెప్పవలసింది ప్రభుత్వ పాఠాల యాప్ దీక్ష. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. మా అబ్బాయి ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. వాడి పాఠ్యపుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదుటి పక్క తెలుగు ఉంటాయి, పాఠం మొదట్లో ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్ ఎత్తి ఆ గళ్ల మీద పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. కెమెరా పట్టుకోలేకపోతే కోడ్ కింద అచ్చువేసిన ఆరు అక్షరాలు కొట్టినా సరిపోతుంది. ఒకసారి దింపుకున్న పాఠం నెట్ లేకపోయినా నడుస్తుంది. ఖర్చు లేదు, ప్రకటనలు లేవు. ఇదే కాక ఆన్‌లైన్ కోర్సుల స్వయం వేదిక (2017), ఐఐటీలు నడిపే వీడియో పాఠాల ఎన్‌పీటెల్, ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయం కూడా ఉచితమే. వేలకు వేలు కట్టించుకునే పాఠాల యాప్‌ల ప్రకటనలు టీవీలో చూసి అప్పు చేసే ముందు తల్లిదండ్రులు వీటిని ఒక నెల వాడి చూడాలి.

తెలుగు అక్షరాలు ఫోన్ మీద ఎలా కనబడతాయన్నది ఒకప్పుడు పెద్ద సమస్య, ఇప్పుడు కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం సందేశంలో వస్తే ఖరీదైన ఐఫోన్లు కుప్పకూలాయి, ఆపిల్ హడావుడిగా అప్‌డేట్ ఇచ్చి సరిచేసుకుంది. తెలుగువాళ్లం అప్పట్లో కొంచెం గర్వంగానే నవ్వుకున్నాము. ఈ ఫోన్‌లో ఒత్తులు, గుణింతాలు ఎక్కడా చెదరలేదు. వేలితో తెర మీద రాస్తే తెలుగు అక్షరాలను గుర్తించే కీబోర్డు కూడా బాగానే పనిచేస్తోంది, మా అమ్మ ఆ ఒక్క సౌకర్యానికే ఈ ఫోన్‌ను మెచ్చుకుంది.

వీడియో పాఠాల విషయంలో రెండు లోపాలు చెప్పాలి. స్పీకరు ఒక్కటే, అది ఫోన్ అడుగున ఉంది. అడ్డంగా పట్టుకుంటే సరిగ్గా అరచేయి దాని మీదికే వస్తుంది, గొంతు మూసుకుపోతుంది. హెడ్‌ఫోన్ వైరు పెట్టుకునే రంధ్రం ఉండటం ఒక్కటే ఊరట. ఈ ధరలో దాన్ని కూడా తీసేస్తున్న ఫోన్లు వస్తున్నాయి కాబట్టి చూసుకుని కొనాలి. రెండోది స్టోరేజీ. 128 జీబీ అని అమ్మినా, సిస్టమ్ ఫైళ్లు, ముందే ఎక్కించి పంపిన పనికిరాని యాప్‌లు పోను చేతికి వచ్చేది వంద జీబీ మాత్రమే, పైగా అది ఇఎంఎంసీ రకం. ఈ రకం ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రకం రెండూ ఒకేసారి చేస్తుంది. పాఠం దిగుతుండగా మరో యాప్ తెరిస్తే ఈ ఫోన్ ఎందుకు బిగుసుకుపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దుకాణంలో ర్యామ్ ఎంత అని అడిగేవారు ఎక్కువ, స్టోరేజీ ఏ రకం అని అడిగేవారు తక్కువ. నా అనుభవంలో రెండో ప్రశ్నకే విలువ ఎక్కువ.

డేటా గురించి భయం అక్కర్లేదు. 480 రిజల్యూషన్‌లో గంట పాఠానికి అర జీబీ మించదు, నల్లబల్ల మీది అక్షరాలు ఆ నాణ్యతలో స్పష్టంగానే కనబడతాయి. సిగ్నల్ మాత్రం చోటునుబట్టి మారుతుంది. తిరుచానూరు రోడ్డులో, ఎయిర్ బైపాస్‌లో 5జీ దిట్టంగా అందుతుంది. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాటు ఎక్కితే పాఠం మధ్యలోనే ఆగిపోతుంది. పీలేరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే పిల్లలు ముందురోజు రాత్రే దింపి పెట్టుకోవడం మంచిది, అలా చేసే పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. ఈ ఫోన్‌లో చదువుకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చినది, దుకాణంలో ఎవరూ చెప్పనిది, దాని లోపలి సెన్సార్లు. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2016లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌ను విడుదల చేశారు. ఫోన్‌లో ఉండే త్వరణమాపకం (కదలిక వేగంలో మార్పును కొలిచేది), మైకు, అయస్కాంత సెన్సార్ వంటివాటిని అది ప్రయోగశాల పరికరాలుగా మారుస్తుంది. అందులో శబ్దంతో మొదలై శబ్దంతోనే ఆగే ఒక స్టాప్‌వాచ్ ఉంది. రెండు ఫోన్లు ఉంటే దానితో గాలిలో శబ్ద వేగాన్ని ఇంటి మిద్దె మీదే కొలవవచ్చు.

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం మా అమ్మాయి, నేను ఆ ప్రయోగం చేశాము. మిద్దె మీద టేపుతో 5 మీటర్లు కొలిచి, ఒక చివర ఈ ఫోన్, రెండో చివర వాళ్లమ్మ పాత ఫోన్ నేల మీద పెట్టాము. మొదట నేను నా వైపున్న ఫోన్ పక్కన చప్పట్లు కొట్టాలి. ఆ చప్పుడుకు నా వైపు గడియారం వెంటనే మొదలవుతుంది, ఆమె వైపు గడియారం చప్పుడు 5 మీటర్లు ప్రయాణించాక మొదలవుతుంది. తర్వాత ఆమె తన వైపున్న ఫోన్ పక్కన చప్పట్లు కొట్టాలి. ఆమె గడియారం వెంటనే ఆగుతుంది, నాది మళ్లీ 5 మీటర్ల ప్రయాణం తర్వాత ఆగుతుంది. రెండు గడియారాల్లో కనిపించే కాలాల తేడా, శబ్దం 10 మీటర్లు వెళ్లడానికి పట్టే కాలం. ఇందులో చేతి వేగం, కంటి వేగం ఏవీ లెక్కలోకి రావు, అదే ఈ పద్ధతిలోని అందం. మొదట్లో వీధిలో వెళ్లే ఆటో హారనుకు, పక్కింటి కుక్కర్ విజిలుకు గడియారాలు వాటంతట అవే మొదలై ఆటంకం కలిగించాయి. యాప్‌లో శబ్దం హద్దు పెంచాక కుదిరింది. కొన్ని కొలతల సగటు తీస్తే తేడా 28, 29 మిల్లీసెకన్ల మధ్య తేలింది. 10 మీటర్లను దానితో భాగిస్తే సెకనుకు సుమారు 350 మీటర్లు.

"పుస్తకంలో 331 అని ఉంది కదా నాన్నా, మనది తప్పా?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. 331 అనేది సున్నా డిగ్రీల దగ్గర విలువ. ప్రతి డిగ్రీకి సెకనుకు 0.6 మీటరు చొప్పున వేగం పెరుగుతుంది. ఆ పూట మిద్దె మీద ఉష్ణోగ్రత 33 డిగ్రీలు. కాగితం మీద లెక్క వేసుకుని 351 అని రాసి, ఫోన్ వైపు, నా వైపు చూసి, కిందికి వెళ్లి వాళ్లమ్మకు చెప్పి వచ్చింది. ప్రయోగశాల అంటే రికార్డు పుస్తకంలో పాత రీడింగులు ఎక్కించడం అనుకునే పిల్లలను ఏళ్ల తరబడి చూసిన నాకు, 12 వేల ఫోన్ మీద పెట్టిన డబ్బులో సగం ఆ ఉదయమే తిరిగి వచ్చినట్టు అనిపించింది.

అదే ఉత్సాహంతో ఫోన్‌ను గుడ్డసంచిలో పెట్టి తలుపు పైకమ్మీకి దారంతో వేలాడదీసి లఘులోలకం ప్రయోగం చేయబోతే కుదరలేదు. ఆ ప్రయోగానికి యాప్ జైరోస్కోప్‌ను అడుగుతుంది, ఈ ఫోన్‌లో అది లేదు. ధర తగ్గించడానికి కంపెనీలు మొదట తీసేసే సెన్సార్ అదే, కెమెరా మెగాపిక్సెళ్లలా అది పెట్టె మీద కనిపించే అంకె కాదు గనుక తీసినా ఎవరూ అడగరు. చివరికి దారం, రాయి, గోడ గడియారం సాయంతో చేశాము. మీటరు పొడవున్న లోలకం 20 డోలనాలకు 40 సెకన్లు తీసుకుంటుంది, దాని నుంచి గురుత్వ త్వరణం చక్కగానే వస్తుంది. ఆ పనికి ఫోన్ అవసరమే లేదన్నది నిజం, కానీ సెన్సార్ ఉంటే డోలనం క్రమంగా తగ్గిపోవడం గ్రాఫ్‌గా కనిపించేది, అది రాయితో రాదు.

రాయడం, పరీక్షల సాధన గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈఏపీసెట్ 3 గంటల్లో 160 ప్రశ్నల పరీక్ష, కంప్యూటర్ ముందు కూర్చుని మౌసుతో రాయాలి. ఫోన్ మీద నమూనా పరీక్ష రాసే పిల్లలు ప్రశ్న చదవడానికి వేళ్లతో సాగదీస్తూ, ఆప్షన్ల కోసం కిందికి జరుపుతూ కాలం పోగొట్టుకుంటారు, పరీక్షలో ఎదురయ్యే తెర తీరు వారికి అలవాటు కాదు. నెలకు రెండుసార్లయినా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం మేలు. హాల్ టికెట్లు, ఫలితాలు, సర్టిఫికెట్ల విషయంలో మాత్రం ఫోన్ నెట్ సెంటర్ల చుట్టూ తిరిగే పని తప్పించింది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా ఇంటర్ హాల్ టికెట్లు కూడా ఇచ్చారు. డిజీలాకర్‌లో పెట్టుకున్న మార్కుల జాబితా కాలేజీలో చేరేటప్పుడు పనికొచ్చింది.

కృత్రిమ మేధ యాప్‌లకు లెక్క ఫొటో తీసి పంపి జవాబు తెప్పించుకునే అలవాటు 2022 చివరి నుంచి పిల్లల్లో బాగా పెరిగింది. దాన్ని నేను ఆపలేదు, ఒక షరతు పెట్టాను. ముందు తాను కాగితం మీద ఎక్కడిదాకా చేసిందో ఆ కాగితాన్నే ఫొటో తీసి, ఎక్కడ తప్పిందో మాత్రమే అడగాలి. మొత్తం లెక్క అడిగినప్పుడు వచ్చే సొగసైన జవాబు కంటే, 'మూడో వరుసలో గుర్తు మారింది' అన్న ఒక్క మాట ఆమెకు ఎక్కువ నేర్పింది. సమాధానాలు తప్పుగా కూడా వస్తాయి, అవి తప్పైనా ఒప్పంత ధీమాగానే ఉంటాయి. జవాబులోని ప్రమాణాలు (మీటరు, సెకను వంటివి) సరిపోయాయో లేదో చూడటం అలవాటున్న పిల్లలు వాటిని పట్టుకోగలరు.

ఇంత మంచి వస్తువుకు ఉన్న పెద్ద దోషం అందరికీ తెలిసినదే. గ్రామీణ విద్యపై వచ్చిన అసర్ 2024 నివేదిక ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. వారిలో అంతకుముందు వారంలో చదువు పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలు చూసినవారు 76 శాతం. ఒకసారి దృష్టి చెదిరితే మళ్లీ పాఠం మీదికి రావడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. ఈ ఫోన్ విషయంలో కంపెనీయే ఆ చెదరగొట్టే పనికి పూనుకోవడం నాకు కోపం తెప్పించింది. లాక్ తెర మీద రోజూ మారే ప్రకటన చిత్రాలు, రోజంతా ఆటల నోటిఫికేషన్లు, తీసేసినా అప్‌డేట్‌తో పాటు తిరిగి వచ్చే యాప్‌లు అన్నీ మనం డబ్బు పెట్టి కొన్న వస్తువులోనే ఉన్నాయి. సెట్టింగుల్లో నాలుగైదు చోట్ల వెతికి వాటిని ఆపడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఫోన్‌లోనే ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఫోకస్ మోడ్ పెట్టి, సాయంత్రం 6 నుంచి 9 దాకా పాఠాల యాప్‌లు తప్ప మిగతావన్నీ మూసేశాము. అమ్మాయి రెండు రోజులు ముఖం మాడ్చుకుంది, తర్వాత అలవాటు పడింది. మా అబ్బాయి మాత్రం ఫోన్ గడియారాన్ని ముందుకు తిప్పితే ఆ ఆంక్ష తప్పించుకోవచ్చని కనిపెట్టాడు. వాడి తెలివికి మెచ్చుకోవాలో తిట్టాలో తేల్చుకోలేక, తేదీ సెట్టింగులకు తాళం పడేలా చేశాను.

హాస్టళ్లలో ఉండి చదివే ఇంటర్ పిల్లలకు ఈ సమీక్షతో పని లేదు. మన దగ్గర చాలా కార్పొరేట్ కాలేజీలు లోపలికి ఫోన్‌నే రానివ్వవు, పిల్లలు ఆదివారం వరుసలో నిలబడి ఇంటికి మాట్లాడతారు. ఇది ఇంటి నుంచి వెళ్లి వచ్చే పిల్లల కోసం.

బ్యాటరీ 5000 ఎంఏహెచ్. పాఠాలు, మాట్లాడటం కలిపి రోజుకు సరిపోయి ఇంకా మిగులుతుంది. పెట్టెలో ఇచ్చిన 18 వాట్ల చార్జరుతో నిండటానికి రెండు గంటలు దాటుతుంది. మే నెల మధ్యాహ్నం చార్జింగులో ఉంచి 5జీ మీద వీడియో చూస్తే ఫోన్ వెనక భాగం బాగా వేడెక్కి, తెర వెలుగు తనంతట తానే తగ్గిపోయింది. వేసవిలో 4జీకి మార్చి, వెనక కవరు తీసి చార్జింగు పెడుతున్నాము. ఆరు నెలల తర్వాత చార్జింగు పోర్టు వదులై సర్వీసు సెంటరుకు ఇచ్చాము. వారంటీ కింద ఉచితంగానే బాగుచేశారు, కానీ రెండు వారాలు తిప్పుకున్నారు, ఏమాత్రం చెప్పకుండా లోపలిదంతా తుడిచేశారు. నోట్సు ఫొటోలు ముందే గూగుల్ డ్రైవ్‌లో ఉండటం వల్ల బతికిపోయాము. ఫోన్ సర్వీసుకు ఇచ్చే ముందు అన్నీ దాచిపెట్టుకోండి, సిమ్‌తో పాటు మెమొరీ కార్డు కూడా తీసుకోండి.

ఈ జూన్‌లో పిల్లల కోసం ఇదే ధరలో కొనబోయేవారు దుకాణానికి వెళ్లినప్పుడు, అక్కడ చూపడానికి పెట్టిన ఫోన్‌లో ఫైఫాక్స్ ఒకసారి ఎక్కించి తెరవమనండి. లేని సెన్సార్లు అందులో బూడిదరంగులో కనిపిస్తాయి, ఒక్క నిమిషం పని. ఆ తర్వాత ఏదైనా పీడీఎఫ్ తెరిచి ఫోన్ అడ్డంగా తిప్పి చదివి చూడండి, స్పీకరు ఏ చేతి కింద పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. దుకాణం అబ్బాయి కెమెరా తెరిచి చూపిస్తానంటే, చూపించనివ్వండి, అతని ఉద్యోగం అది. బిల్లు మాత్రం డబ్బు కట్టకముందే పైనుంచి కిందిదాకా చదవండి.